నూర్జహాన్ వేలిముద్రల కోసం కడపకు

2025 నవంబరు 17, సోమవారం ఉదయం 5 గంటల 40 నిమిషాలకు కర్నూలు బస్టాండులో కడప బస్సు కదిలింది. కదలవలసిన సమయం అయిదున్నర. ఆలస్యం ఎందుకని అడిగితే డ్రైవరు, "టీ తాగొద్దా పెద్దమ్మా?" అన్నాడు. టీ తాగడానికి పది నిమిషాలు పట్టదన్నాను. పక్కన కూర్చున్న నూర్జహాన్ నా మోచెయ్యి నొక్కింది. పొద్దున్నే తగువు వద్దని దాని అర్థం.

నూర్జహాన్ మా వీధిలో బట్టలు కుడుతుంది. వయసు ముప్పై నాలుగు. ఎనిమిదో తరగతిలో చదువు మాన్పించి పెళ్లి చేశారు. భర్త బేతంచెర్లలో నాపరాళ్లు పాలిషు పట్టే పనికి పోయి ఊపిరితిత్తులు చెడగొట్టుకుని మూడేళ్ల కిందట చనిపోయాడు. కూతురు షబానా నర్సింగులో చేరింది. మొదటి సంవత్సరం అయిపోవస్తోంది, తక్కిన సంవత్సరాల ఫీజుకు దారి లేదు. కువైటులో ఒక ఇంట్లో వంటమనిషిగా రెండేళ్లు చేసి వస్తే ఆ చదువు గట్టెక్కుతుందని నూర్జహాన్ లెక్క వేసుకుంది. ఆ లెక్క నేనూ వేసి చూశాను, సరిగ్గానే ఉంది. నేను ముప్పై ఒక్క ఏళ్లు ఆడపిల్లల హాస్టలు వార్డెనుగా పనిచేశాను. కాగితాలు చదవడానికీ, ఏజెంటును నాలుగు ప్రశ్నలు అడగడానికీ మనిషి కావాలంటే తోడు బయలుదేరాను.

వీసా కాగితం అప్పటికే వచ్చింది. దాని గడువు 20వ తేదీ గురువారం. ఆ లోపల వేలిముద్రలు యంత్రంలో పడాలి. వేలిముద్రలు తీసే కంపెనీవాళ్లు మామూలుగా పెద్ద నగరాల్లోనే ఉంటారు. ఈసారి కడపలో ఒక కల్యాణ మండపంలో 19, 20 తేదీల్లో శిబిరం పెట్టారు. నూర్జహాన్‌కు 19 ఇచ్చారు. ముందు రాయచోటిలో ఏజెంటు దగ్గర పాస్‌పోర్టు తీసుకుని, వెనక్కి కడపకు రావాలి.

నూర్జహాన్ భయమంతా వేళ్ల గురించే. పదహారేళ్లుగా సూది పట్టిన వేళ్లు అవి. కొసలు గరుకుదేరి, సూది గుచ్చుకున్న చుక్కలతో నిండి ఉన్నాయి. కర్నూలులో ఒకసారి రేషను కోసం వేలు పెడితే మూడుసార్లు తిప్పి పంపారట. అందుకని నవంబరు 7 నుంచి కుట్టు ఆపేసింది. రోజూ రాత్రి కొబ్బరినూనె రాసుకుని పడుకునేది. సంచి కూడా తనను మోయనివ్వలేదు నేను.

నంద్యాల

నంద్యాలలో బస్సు ఆగినప్పుడు మరమరాల ఉగ్గాని తిన్నాం. రెండు బజ్జీలతో కలిపి ప్లేటు నలభై రూపాయలు. కర్నూలులో ఇదే ధరకు మూడు బజ్జీలు ఇస్తారు. మిరపకాయ ఘాటు వేళ్లకు తగులుతుందని నూర్జహాన్ చెంచా అడిగింది. బండి ఆయన చెంచా వెతికి తెచ్చి, "ఉగ్గాని స్పూనుతో తినేటోల్లను ఇయ్యాలే చూస్తాండా మే! యా దేశం నుంచి వచ్చినావు?" అన్నాడు.

"వచ్చేది కాదన్నా, పొయ్యేదాన్ని," అంది నూర్జహాన్. ప్రయాణం మొత్తంలో తను నవ్వడం నేను చూసింది అక్కడే.

నంద్యాల దాటాక నల్లరేగడిలో శనగ మొలకలు కనిపించాయి. కాలువ కింద వరి పండుబారుతోంది. చాగలమర్రి నుంచి పసుపు తోటలు మొదలయ్యాయి. నూర్జహాన్ కిటికీ వైపు కూర్చుని కూడా ఏమీ చూడలేదు. ఫోనులో ఎవరో పంపిన సమాచారాలు చదువుతోంది. ఫలానా వీసా ఆపేశారని ఒకటి, ఆపలేదని ఒకటి, ఇంత జీతం లేకపోతే పంపరని ఇంకొకటి. ఏది నిజమో చెప్పమని నన్ను అడిగింది. సంతకం, తేదీ లేని కాగితాన్ని నేను నమ్మనన్నాను. నా మాట తనకు ధైర్యం ఇచ్చినట్టు కనిపించలేదు.

మైదుకూరు

మైదుకూరులో బద్వేలు నుంచి వచ్చిన ఒక తల్లీ కూతురూ ఎక్కి మా వెనక సీట్లో కూర్చున్నారు. మా మాటలు విని తల్లి ముందుకు వంగింది.

"కువైటు కాగితాలకా మే? నీకెన్నేండ్లు?"

"ముప్పై నాలుగు."

"అదృష్టవంతురాలివి. మా పిల్లకు ఇరవై ఎనిమిది. సదువు తక్కువోల్లు ఇంటిపనికి పోవాలంటే ముప్పై నిండాలంట గదా. పోయిన వారం తిప్పి పంపిచ్చినారు. ఇప్పుడు ఇంగో ఏజెంటును అడగను పోతాండాం."

ఆ నియమం ఆడవాళ్ల క్షేమం కోసం పెట్టిందేనని, అక్కడ చిన్నవయసు వాళ్లు నానా ఇబ్బందులు పడ్డారని నేను చెప్పాను.

"కాపాడేదానికే పెట్టినారు, కాదనను జేజీ. ఈడ ఇండ్లల్లో అంట్లు తోమేదానికి యా వయసూ అక్కర్ల్యా. ఆడ తోమాలంటేనే ముప్పై. ఈ రెండేండ్లు దీన్ని ఈడ ఎవురు కాపాడతారో అది కూడా రాసుంటే బాగుండు."

కూతురు మా సీటు కడ్డీ పట్టుకుని, "తప్పంతా మా అమ్మదే అవ్వా. రెండేండ్లు ముందు కని ఉంటే సరిపోయుండు," అంది. తల్లి దాని వీపు మీద ఒకటి వేసింది. నేనూ నవ్వాను.

గువ్వలచెరువు

కడపలో బస్సు మారి రాయచోటి దారి పట్టాం. ఘాటు రోడ్డు ఎక్కాక గువ్వలచెరువులో పాలకోవా కొన్నాం. పావుకిలో వంద రూపాయలు. త్రాసు ముల్లు నిలబడక ముందే పొట్లం కట్టబోతే మళ్లీ తూయించాను. ఇంకో ముక్క పడింది.

అంగడి ఆయనకు యాభై ఉంటాయి. పన్నెండేళ్లు కువైటులో కారు నడిపాడట. కాగితాల్లో యజమాని ఒకరైతే ఇంకోచోట పనిచేస్తూ పోలీసులకు దొరికిపోయాడు. రోడ్డు మీదే ఆపి, పది వేళ్లూ ముద్రలు వేయించుకుని విమానం ఎక్కించారు.

"ముందు కాలంలో ఏముండె పెద్దమ్మా! తిప్పి పంపిస్తే ఇంగో పాస్‌పోర్టు, ఇంగో పేరు. మూడు నెల్లకు మల్లా ఆడ ఉండేటోల్లం. మా మామ అట్ల నాలుగుసార్లు పోయినాడు. ఇప్పుడు పేరు ఏం మార్చుకున్యా పని జరగదు. మనిషి ఈడికి వచ్చినా నా వేల్లు ఆడనే ఉండాయి."

అతను చేసింది తప్పు పనేనని నేను అన్నాను. "తప్పే. కోవా కలపడం కంటే సులువైన తప్పు," అన్నాడు.

నూర్జహాన్ తన చేతులు కొంగులో దాచుకుంది. బస్సు రాయచోటి చేరేదాకా, "పొయ్యేదానికీ వేళ్లే, వచ్చేదానికీ వేళ్లే. నా వేళ్లు పడకపోతే ఎట్ల వార్డెనమ్మా?" అని నాలుగైదుసార్లు అడిగింది.

రాయచోటి

రాయచోటిలో బట్టల కొట్ల కంటే విమాన టికెట్ల కొట్లు ఎక్కువ కనిపించాయి. డబ్బు మార్చేవాళ్లు, పార్సిళ్లు పంపేవాళ్లు, పాస్‌పోర్టు ఫోటోలు తీసేవాళ్లు. కర్నూలులో పదింటికి తెరిచే అంగళ్లు ఇక్కడ ఎనిమిదికే తెరుస్తారు. కువైటులో ఉన్నవాళ్లు పనిలోకి దిగే ముందు ఫోను చేయడానికి అదే అనువైన వేళట.

ఏజెంటు ఆఫీసులో మంగళవారం ఉదయం రెండు గంటలు కూర్చున్నాం. అతను నలభై ఏళ్ల మనిషి, మర్యాదగానే మాట్లాడాడు. ఒప్పందం కాగితం చదివి జీతం, సెలవు, తిరుగు టికెట్టు గురించి అడిగాను. మూడింటికీ జవాబు చెప్పాడు. గడువు దాటితే ఏమవుతుందని అడిగాను.

"ముందైతే ఆ ఇంటి సేటు ఫీజు కట్టి పొడిగించేటోడు పెద్దమ్మా. ఇప్పుడు అది తీసేసినామంటాండారు. మల్లా మొదటి నుంచి అర్జీ పెట్టాల. అంతవరకు ఆ ఇంటోల్లు ఆగరు. ఇంగో దేశం మనిషిని పెట్టుకుంటారు. ఏం గాదు, రేపు ముద్రలు పడితే అయిపోయినట్టే."

అక్కడే రెడ్డెమ్మ అనే ఆమె పరిచయమైంది. చిన్నమండెం వైపు మనిషి, యాభై దాటింది. కువైటులో పంతొమ్మిదేళ్లు ఒకే ఇంట్లో పనిచేసి, సెలవుకు వచ్చి ఇరుక్కుపోయింది.

"మా మేడం యాడనో వేరే దేశంలో పుట్టినామె. కువైటోణ్ణి చేసుకుని ముప్పై ఏండ్ల కిందట పౌరసత్వం తీసుకునింది. ఇప్పుడు పెండ్లి మీద వచ్చిన పౌరసత్వాలు చెల్లవని ఆమెది కొట్టేసినారు. నా కాగితాలన్నీ ఆమె పేరు మీద ఉండాయి. ఆమే ఆ దేశపు మనిషి కాకపాయ, ఇంగ నన్నెట్ల పిలుస్తాది?"

"మరి ఆమె ఎక్కడుంది?" అని అడిగాను.

"ఆ ఇంట్లోనే ఉండాది. నాకు ఫోను చేసి ఏడుస్తాది. నేను ఈడ ఏడుస్తా. పంతొమ్మిదేండ్లు నన్ను కసిరింది గాని ఇట్ల ఏడ్చింది యాన్నాడూ ల్యా."

ఇంటి యజమానురాలికే దిక్కు లేని చోటికి వంటమనిషి వెళ్లడం ఏమిటని నాకు అనిపించింది. నూర్జహాన్ ముఖం చూసి ఆ మాట పైకి అనలేదు. ఏజెంటు పాస్‌పోర్టు చేతికి ఇచ్చాడు. దాన్ని నేను నా సంచిలో పెట్టుకున్నాను.

హుసేనమ్మ ఇల్లు

రాయచోటిలో మేము దిగింది హుసేనమ్మ ఇంట్లో. నూర్జహాన్ అత్తగారికి అక్క ఆమె. కువైటులో ఉన్న ఆమె కూతురే ఈ వీసా ఇప్పించింది. డెబ్బై దగ్గరి మనిషి, చెవులు కొంచెం మందం. రెండు పూటలా రాగిసంగటి, చెనక్కాయల ఊరుబిండి పచ్చడి పెట్టింది. మా వైపు ఊరుబిండిలో బెల్లం వేయరు, ఇక్కడ చిన్న ముక్క వేస్తారు. బాగుంది.

ఆ ఇంటి ఆడవాళ్లు గల్ఫుకు పోయే ముందు గోరింటాకు పెట్టుకోకుండా గడప దాటరట. పెళ్లికూతురిని పంపినట్టే పంపుతారు. రెండేళ్ల పండుగలు అక్కడే గడపాలి, చేతికి ఆకు పెట్టే దిక్కు ఉండదు, కాబట్టి అన్ని పండుగలదీ ఒకేసారి అంటుంది హుసేనమ్మ. పెరట్లో చెట్టు నుంచి ఆకు దూసి, చింతపండు, కాచు వేసి రోట్లో నూరింది. మిక్సీలో వేస్తే పండదట.

నూర్జహాన్ వేళ్లు చూసి, "ఏందే ఇట్ల గరుకుబట్టినాయి!" అంది. రేపటి ముద్రల సంగతి చెప్పాం.

"అట్లయితే కొసలకు ఇంగా మందంగా పెట్టాల. ఆకు చలవ. తెల్లారేసరికి వెన్న మాదిరి అయితాయి చూడు. ఏమంటావు వార్డెనమ్మా?"

మంచిదే అన్నాను. మా అమ్మ కాళ్లు పగిలినప్పుడు గోరింటాకే పెట్టేది. ఆషాఢంలో హాస్టలు పిల్లలందరికీ నేనే పెట్టించేదాన్ని, వేళ్లు మెత్తబడడం కళ్లారా చూశాను. నూర్జహాన్ పది వేళ్ల కొసలకూ హుసేనమ్మ టోపీల్లా ఆకు ముద్ద తొడిగి, పాత గుడ్డ పీలికలు చుట్టింది. అన్నం కూడా తానే కలిపి నోట్లో పెట్టింది. తరవాత నా చేతులు లాక్కుని నాకూ పెట్టింది.

తెల్లవారి కడుక్కుంటే వేళ్లు నిజంగానే మెత్తగా ఉన్నాయి. రంగు ఎర్రమట్టి కంటే ముదురుగా పండింది. హుసేనమ్మ ఆ చేతులు కళ్లకద్దుకుని బస్సెక్కించింది.

కడప, కల్యాణ మండపం

బుధవారం పదింటికి కడప చేరాం. మండపంలో ముందు రోజు ఎవరిదో పెళ్లి జరిగినట్టుంది. వేదిక మీద బంతిపూలు వాడి వేలాడుతున్నాయి. వాటి కింద రెండు బల్లలు, రెండు యంత్రాలు. వధూవరులకు వేసే ఎర్ర కుర్చీల్లో కంపెనీవాళ్లు కూర్చున్నారు. మా వంతు పన్నెండున్నరకు వచ్చింది.

యంత్రం దగ్గర ఇరవై రెండేళ్ల అమ్మాయి ఉంది. నూర్జహాన్ చేతులు చూడగానే ముఖం మారిపోయింది.

"మెహందీనా అక్కా?"

"గోరింటాకు."

"ఏదైనా ఒకటేనక్కా. కొసలకు ఉంటే మిషను తీసుకోదు. ఆడ బోర్డు చూడలేదా?"

గోడకు బోర్డు ఉంది. ఇంగ్లీషులో, హిందీలో ఉంది. తెలుగులో లేదు. చేతి బొమ్మ గీసి అడ్డంగా ఎర్ర గీత కొట్టారు. ఒప్పందం కాగితం ప్రతి వాక్యం చదివినదాన్ని, ఆ బోర్డు నేను తలెత్తి చూడలేదు. చూసినా అప్పటికి చేసేది లేదు.

ఆ అమ్మాయి అయినా ప్రయత్నించింది. తడి కాగితంతో తుడిచి, ఒక్కొక్క వేలూ నొక్కి పెట్టింది. రెండు బొటనవేళ్లూ, ఎడమ చిటికెన వేలూ పడ్డాయి. ఏడు పడలేదు. తెర మీద ముద్ర ఉండవలసిన చోట నల్లటి మచ్చ కనిపించింది.

"రెండు వారాలైతే రంగు పోతాది. అప్పుడు హైదరాబాదుకు రాండి."

"రేపే ఆఖరు తల్లీ," అన్నాను.

ఆమె మా కాగితం తీసి తేదీ చూసి, గొంతు తగ్గించి, "రేపు పొద్దున తెరవంగానే రాండి అవ్వా. నేనే ఉంటా. రంగు ఎంత తగ్గితే అంత తగ్గించుకోండి," అంది.

లాడ్జి

బస్టాండు దగ్గర లాడ్జిలో దిగాం. ఆ మధ్యాహ్నం కడపలో మాకు సలహా చెప్పనివాళ్లు లేరు. లాడ్జి గుమాస్తా నిమ్మకాయ అన్నాడు. మందుల షాపతను స్పిరిటు ఇచ్చాడు. కారం దోసె తినడానికి వెళ్తే అక్కడి ఆమె, "బట్టల సోడా వేసి వేన్నీల్లల్లో పెట్టు మే, గంటలో సున్నం మాదిరి తెల్లగయితాయి," అంది. దోసె ముప్పై అయిదు రూపాయలు. నూర్జహాన్ ముట్టలేదు, రెండూ నేనే తిన్నాను. పారేయడం నాకు చేతకాదు.

నిమ్మకాయలు, ఉప్పు, సోడా, స్పిరిటు వరుసగా అయ్యాయి. ఎరుపు కాస్త నారింజకు తిరిగింది, అంతకు మించి కదల్లేదు. సాయంత్రం నేను పాలు తేవడానికి కిందికి దిగాను. వచ్చేసరికి నూర్జహాన్ స్నానాల గదిలో ఉంది. తలుపు తట్టితే తెరవలేదు. లోపల గీకుతున్న చప్పుడు. గుమాస్తాను పిలుస్తానని అరిచాక తెరిచింది. చేతిలో ఇటుక పెళ్ల. బకెట్టులో నీళ్లు ఎర్రగా ఉన్నాయి. గోరింటాకు కడిగితే నీళ్లలోకి అంత రంగు దిగదు.

"ఏం పని ఇది నూర్జహాన్?"

"పైతోలు పోతే లోపల తెల్లగా ఉంటాది గదా వార్డెనమ్మా."

కొబ్బరినూనె రాసి, నా తెల్లచీర చెంగు చింపి కట్టాను. తను ఏడవలేదు. "హుసేనమ్మ పెద్దమ్మకు మాత్రం చెప్పొద్దు. శానా బాధపడతాది," అని మాత్రం అంది.

మళ్లీ మండపం

గురువారం తలుపులు తెరిచేసరికి మేమే ముందున్నాం. కట్లు విప్పితే యంత్రం అమ్మాయి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ముందు రోజు పడని ఏడూ పడలేదు, పడిన మూడింటిలో ఇటుక పట్టి ఒరుసుకున్న ఎడమ బొటనవేలు కూడా ఇప్పుడు పడలేదు. గాజు మీద తడి మచ్చ మిగిలింది. ఆమె తుడిచింది, మళ్లీ పెట్టించింది, మళ్లీ తుడిచింది. చివరికి పై అధికారిని పిలిచింది. ఆయన చూసి, "మిషను ఒప్పుకుంటేనే ముందుకు పోతాదమ్మా. నేను ఒప్పుకుని లాభం ల్యా," అన్నాడు. కసిరి ఉంటే నేను తగువు పెట్టుకునేదాన్ని. కసరలేదు.

ఏజెంటుకు ఫోను చేశాను. "అయితే అయిపోయింది పెద్దమ్మా. నేను సేటుకు చెప్తా," అన్నాడు.

మండపం బయట వేపచెట్టు కింద ఒక మనిషి మోటారుసైకిలు మీద కూర్చుని ఉన్నాడు. లోపల తిరస్కరించినవాళ్ల కోసమే కూర్చుంటాడని తరవాత అర్థమైంది. నూర్జహాన్ చేతులు చూసి పిలిచాడు.

"అక్కా, ముద్రలు పడలేదా? దానికేముండాది! విజిట్ వీసా మీద కువైటు పక్క దేశానికి పంపిస్తా. ఆన్నుంచి మనోల్లు లోపలికి తీసుకపోతారు. ముద్రా లేదు, వయసూ లేదు. పాస్‌పోర్టు ఇట్లియ్యి చూస్తాం."

నేను వద్దంటున్నా నూర్జహాన్ నా సంచిలోంచి పాస్‌పోర్టు తీసి ఇచ్చింది. అతను పేజీలు తిప్పుతూ వారంలో పని అయిపోతుందన్నాడు. నూర్జహాన్ మొహంలో రంగు రావడం నేను చూశాను. హాస్టల్లో పిల్లలు గోడ దూకే ముందు అలాగే ఉండేవాళ్లు. ముప్పై నాలుగేళ్ల మనిషిని చెయ్యి పట్టి ఆపే అధికారం నాకు లేదు.

నూర్జహాన్ ఒకటే అడిగింది. "అన్నా, రెండేండ్లకు మా పాప దగ్గరికి తిరిగి రావాలంటే ఏం చూపిచ్చాల?"

"వచ్చేటప్పటి మాట ఇప్పుడెందుకక్కా? ముందు పోదువు."

తను చెయ్యి చాపింది. అతను వెంటనే ఇవ్వలేదు. "మల్లా ఆలోచించుకో" అన్నాడు. తోలు లేచిన వేళ్లతోనే పాస్‌పోర్టు కొస పట్టుకుని లాగింది. అట్ట మీద నెత్తురు మరక పడింది. దాన్ని కొంగుతో తుడుస్తూ బస్టాండు వైపు నడిచింది. నా నడక అందుకోలేకపోయింది.

తిరుగు దారి

ఆ రోజు నూర్జహాన్‌కు జ్వరం తగలడంతో శుక్రవారం ఉదయం బయలుదేరాం. దువ్వూరు దాటాక హుసేనమ్మ ఫోను వచ్చింది. ఆమెకు చెవులు మందం కాబట్టి స్పీకరు పెట్టి గట్టిగా మాట్లాడాలి. బస్సు అంతా విన్నది.

"పడినాయా మే ముద్రలు?"

"మిషను చెడిపోయింది పెద్దమ్మా. ఇంగోసారి రమ్మన్నారు."

"దాని మొగం మండ! పోనీలే, రంగు దిగిపోకముందే పోయి ఇయ్యి. ఎట్ల పండింది? చలవ చేసిందా?"

నూర్జహాన్ కట్లు కట్టిన చేతుల మధ్య ఫోను పట్టుకుని, "శానా బాగా పండింది పెద్దమ్మా. చూసినోల్లంతా అడుగుతాండారు," అంది.

పోయినవి ఇవి. కువైటు వీసా ఒకటి. ఏజెంటుకు కట్టిన ముప్పై వేలలో పద్దెనిమిది వేలు; మిగతా పన్నెండు వేలు డిసెంబరు 2న తిరిగి వచ్చాయి. ఇద్దరికీ ఛార్జీలు, లాడ్జి, తిండి కలిపి నాలుగు వేల మూడు వందల పదిహేను. నా తెల్లచీర ఒకటి. నవంబరు 7 నుంచి డిసెంబరు 6 దాకా, కుట్టుపని ముప్పై రోజులు. నాలుగు వేళ్ల మీది తోలు. అందులో మూడు మానాయి. షబానా నర్సింగు, రెండో సంవత్సరం నుంచి.